కారచేపల్లో వెలుగు ఎక్కడ?

ప్రశ్న: కారచేపలు (వెండిలా మెరిసే చిన్న చేపలు, సిల్వర్‌బెల్లీలు) చీకట్లో వెలుగుతాయంటారు. విశాఖ ఫిషింగ్ హార్బరులో కొన్నవాటిలో ఏమీ కనిపించలేదు. వీటిలో రకాలెలా గుర్తుపట్టాలి?

జవాబు: వెలుగు ఒంటిమీద కాదు, లోపల. అన్నవాహిక చుట్టూ ఉంగరంలా ఉన్న అవయవంలో ఫోటోబ్యాక్టీరియం లియోగ్నాతి అనే బ్యాక్టీరియా కాపురముంటుంది. అప్పుడే పట్టిన చేపను కోసి, చీకటికి కళ్లు అలవాటుపడ్డాక చూడండి. ఐసులో నిలవున్నదానిమీద ఆశ పెట్టుకోకండి. చీకట్లో ఒళ్లంతా వెలిగితే మాత్రం అది చచ్చాక పైన పెరిగిన బ్యాక్టీరియా!

కుటుంబం ఒకటే, లియోగ్నాతిడే. ప్రజాతికి (జీనస్‌కి) నోరే గుర్తు. పైపెదవిని మెల్లగా లాగండి: పైకి తిరిగితే డెవెక్సిమెంటం (పాత పేరు సెక్యూటర్), ముందుకొచ్చి కోరపళ్లు కనిపిస్తే గాజా, కిందికి వంగితే లియోగ్నాతస్, ఈక్వులైట్స్ వంటివి. ఈ చివరి గుంపుతోనే చిక్కు. రొమ్ముమీది పొలుసులు, వీపు గీతలు చూడాలి. వలలో నలిగితే అవి చెరిగిపోతాయి.