కోడ్ అందరికీ కనిపిస్తోంది కదా, నమ్మొచ్చా?

ప్రశ్న: మేడమ్, మా తమ్ముడు ఒక కొత్త క్రిప్టో కాయిన్‌లో డబ్బు పెడుతున్నాడు. వద్దురా అంటే, "దాని కోడ్ మొత్తం గిట్‌హబ్ అనే వెబ్‌సైట్‌లో ఉందక్కా. ఓపెన్ సోర్స్. ఎవరైనా చూసుకోవచ్చు. మోసం చేసేవాళ్లు కోడ్ బయటపెడతారా?" అంటున్నాడు. నేను లెక్కల టీచర్ని, కోడ్ చదవడం రాదు. ఓపెన్ సోర్స్ మంచిదని మీరే ఒకసారి ఈ శీర్షికలో రాశారు. మరి వాడు చెప్పేది నిజమేనా?
– పేరు వేయవద్దన్న పాఠకురాలు

జవాబు: మంచిదనే రాశానమ్మా, ఇప్పుడూ అదే అంటాను. డబ్బుతో ముడిపడిన కోడ్‌ని దాచిపెట్టి "మా మీద నమ్మకం ఉంచండి" అనేవాళ్ల గడప తొక్కవద్దు. గూఢలిపి గురించి కెర్కాఫ్స్ అనే డచ్ పండితుడు 1883లోనే చెప్పాడు: తాళం ఎలా పనిచేస్తుందో శత్రువుకి పూర్తిగా తెలిసినా ఫర్వాలేదు, తాళంచెవి ఒక్కటి దొరక్కుండా ఉంటే చాలు, అలా ఉండాలి ఏర్పాటు. బిట్‌కాయిన్ కోడ్ మొదటినుంచీ అందరి ముందూ ఉన్నది ఆ ధైర్యంతోనే.

కానీ మీ తమ్ముడు "ఎవరైనా చూసుకోవచ్చు" అన్న మాటని "ఎవరో ఒకరు చూసే ఉంటారు" అని అర్థం చేసుకున్నాడు. నా భయం అక్కడ.

నేను 22 ఏళ్లు ఇతరులు రాసిన కోడ్ చదివి, వాడకంలోకి పంపొచ్చో లేదో చెప్పే పని చేశాను. ఒకసారి ఖాతాల మధ్య డబ్బు మార్చే కోడ్ నా దగ్గరకి వచ్చింది. నాలుగు వందల లైన్లుంటాయి. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికి పూర్తి చేశాను. పేర్లు శుభ్రంగా ఉన్నాయి, లెక్కలు సరిపోయాయి, బాగుందని రాసి పంపేశాను. నెట్‌వర్క్ తడబడి ఒకే బదిలీ కోరిక రెండుసార్లు వస్తే ఏమవుతుంది అని మాత్రం అడగలేదు. ఏడాదిన్నర తర్వాత అదే జరిగింది. ఒకే మొత్తం రెండుసార్లు వెళ్లిపోయింది. వెనక్కి తవ్వుకుంటూ పోతే ఆ లైను పక్కన నా పేరు, నేను సరేనన్న తేదీ కనిపించాయి. ఆ డబ్బు చివరికి తిరిగి వచ్చింది గానీ, ఆ పేజీ ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

నా ఒక్కదాని సంగతే అయితే మీకు చెప్పేదాన్ని కాదు. ఇంచుమించు ఇదే పొరపాటు బిట్‌కాయిన్‌లోనే జరిగింది. ఒకే లావాదేవీలో ఒకే నాణేన్ని రెండుసార్లు ఖర్చు చూపిస్తే పట్టుకునే తనిఖీ ఒకటి అందులో ఉండేది. ఆ పని ఇంకోచోట ఎలాగూ జరుగుతోంది, వేగం కోసం ఇక్కడ వదిలేద్దాం అనుకున్నారు. 2017లో వచ్చిన 0.14 వెర్షన్‌లో ఆ మార్పు చేరింది. అప్పటికి దానివల్ల కంప్యూటర్ ఆగిపోవడం ఒక్కటే ప్రమాదం. అదే ఏడాది 0.15 వచ్చేసరికి లేని బిట్‌కాయిన్లు పుట్టించే సందు ఏర్పడింది. ప్రపంచంలో ఈ విషయం బాగా తెలిసినవాళ్లు రోజూ చదివే కోడ్ అది. అయినా 2018 సెప్టెంబర్ దాకా ఎవరి కంటికీ ఆనలేదు. చివరికి పట్టుకున్నది బిట్‌కాయిన్‌తో గొడవపడి విడిపోయిన బిట్‌కాయిన్ క్యాష్ వైపు పనిచేసే ప్రోగ్రామర్. ఆయన దాన్ని వాడుకోలేదు, గుట్టుగా కబురు పెట్టాడు. వెంటనే 0.16.3 వెర్షన్ విడుదల చేశారు. మొదట కంప్యూటర్లు ఆగిపోయే సమస్య అని మాత్రమే చెప్పి, జనం కొత్త వెర్షన్‌కి మారడం మొదలయ్యాక అసలు విషయం బయటపెట్టారు.

అవతలి పక్షంవాడు కూడా చదవగలిగాడు కాబట్టే అది దొరికింది. ఓపెన్ సోర్స్ గొప్పతనం నాకు అక్కడ కనిపిస్తుంది. అంతమంది చదివే కోడ్‌లో కూడా ఏడాదికి పైగా దాగిందే అన్న భయం కూడా అక్కడే కలుగుతుంది.

ఇప్పుడు మీ తమ్ముడి కాయిన్ సంగతి. దాని కోడ్ బయటివాళ్లు ఎంతమంది చదివారు? తప్పులు చూపించినవాళ్లు ఎవరైనా ఉన్నారా, చూపిస్తే దిద్దారా? గిట్‌హబ్‌లో ఆ చర్చలన్నీ ఉంటాయి, వాటికి కోడ్ రానక్కర్లేదు, ఇంగ్లీషు చదవగలిగితే చాలు. చాలా కొత్త కాయిన్లు పాతదాని కోడ్‌ని తీసుకుని పేరు మార్చి పెట్టినవే. ఇంకొన్నింటిలో మోసం దాచి కూడా ఉండదు. ఈ ఖాతా యజమాని తలచుకుంటే ఎన్ని కొత్త నాణేలైనా ముద్రించుకోవచ్చు, ఎవరినైనా అమ్ముకోకుండా ఆపేయవచ్చు అని కోడ్‌లోనే రాసి ఉంటుంది. అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. చదివే నాథుడు ఉండడు. మోసం చేసేవాళ్లు కోడ్ బయటపెడతారా అన్నాడు కదా, పెడతారని చెప్పండి.

లెక్కల టీచర్ కాబట్టి మీకు ఇంకో సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. కోడ్ తప్పు లేకుండా ఉన్నంత మాత్రాన కాయిన్‌కి విలువ ఉన్నట్టు కాదు. టెర్రా అనే క్రిప్టో వ్యవస్థలోని యూఎస్‌టీ కాయిన్ ఎప్పుడూ ఒక డాలరు దగ్గరే నిలబడుతుందన్నారు. 2022 మేలో కొద్ది రోజుల్లోనే కుప్పకూలింది. దాన్ని ఎవరూ హ్యాక్ చేయలేదు. యూఎస్‌టీ వదిలించుకునేవాళ్లకి బదులుగా లూనా అనే ఇంకో రకం నాణేలు ముద్రించి ఇవ్వాలని రాసి ఉంది, కోడ్ రాసినట్టే ముద్రిస్తూ పోయింది, ఆ నాణేలకి విలువ లేకుండా పోయింది. గుణకారం సరిగ్గా చేసి, లెక్కే తప్పుగా వేసుకున్నట్టు.

ప్రశ్న: బిట్‌కాయిన్లు ఎప్పటికీ 2 కోట్ల 10 లక్షలకి మించవంటారు. అది కూడా ఎవరో టైపు చేసిన సంఖ్యే కదా. రేపు ఎవరైనా మార్చేస్తే?
– ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: మీ ప్రశ్న నాకు చాలా నచ్చింది. ముందు చిన్న సవరణ. లావాదేవీలని బ్లాకులుగా కట్టగట్టి ఒకదాని వెనక ఒకటి గొలుసుకి చేర్చేవాళ్లని మైనర్లంటారు. వాళ్లకి బ్లాకుకి ఇచ్చే బహుమతి 2009లో 50 బిట్‌కాయిన్లతో మొదలై ప్రతి 2,10,000 బ్లాకులకీ సగమవుతుంది. 2024 ఏప్రిల్ నుంచి 3.125 ఇస్తున్నారు. సగం, అందులో సగం, మళ్లీ సగం, అలా కూడుకుంటూ పోతే 2 కోట్ల 10 లక్షలకి కాస్త లోపల ఆగుతుంది. పరిమితి వచ్చేది ఆ వరుసలోంచి.

ఆ హద్దు దాటిపోతే ఏమవుతుందో 2010 ఆగస్టు 15న లోకం చూసింది. 74,638వ బ్లాకులో ఎవరో ఒక లావాదేవీ పెట్టారు. చేతిలో ఉన్నది అర బిట్‌కాయిన్. పంపింది రెండు చిరునామాలకి, ఒక్కోదానికి 9,223 కోట్లకి పైగా బిట్‌కాయిన్లు! ఎలా దాటిపోయిందో దగ్గరగా చూడండి. ఆ కోడ్ మొత్తాలని దాచే 64 బిట్ల గడిలో పట్టే అతిపెద్ద మొత్తం దాదాపు అంతే. పంపిన రెండు అంకెలూ ఆ హద్దుకి ఒక్క వెంట్రుక లోపలే ఉన్నాయి. ఈ మొత్తం సున్నాకంటే తక్కువా? కాదు. రెండోది? అదీ కాదు. సరే, రెండూ కూడు. కూడేసరికి గడి పొంగి, మీటరు తిరగబడినట్టు, సున్నాకి కాస్త కింద, మైనస్ 0.01 దగ్గర తేలింది. ఆఖరి తనిఖీ: పంపేది చేతిలో ఉన్నదానికంటే ఎక్కువా? మైనస్ సంఖ్య అరకంటే ఎక్కువ కాదు. వెళ్లనివ్వు. విడివిడిగా చూస్తే ప్రతి తనిఖీ సక్రమమే. కూడాక కూడా ఇంకోసారి హద్దు చూడాలని రాసినవాళ్లకి తోచలేదు.

గంటల్లోనే పట్టుకున్నారు, 0.3.10 వెర్షన్ వచ్చింది. అయితే నాణేలని చెరిపింది ఆ వెర్షన్ ఒక్కటే కాదు. బిట్‌కాయిన్ నడిపేవాళ్లు కొత్త వెర్షన్‌కి మారి, ఆ బ్లాకుని ఒప్పుకోని గొలుసుని ముందుకు నడిపారు. అది పాత గొలుసుని దాటాక ఆ నాణేలు లేకుండాపోయాయి. మీ కంప్యూటర్లో ఉన్న ప్రతిలో మీరు ఈ క్షణమే ఆ 2 కోట్ల పరిమితిని 200 కోట్లు చేసుకోవచ్చు, ఎవరూ ఆపరు. మీరు పంపే బ్లాకుని మాత్రం మిగతావాళ్ల కంప్యూటర్లు తిప్పికొడతాయి. ఆ సంఖ్యని కాపాడుతున్నది ఆ తిప్పికొట్టడమే. ఎంతమంది సొంతంగా నోడ్ (అలా తనిఖీ చేసే కంప్యూటర్) నడుపుతారో అంత గట్టిది.

నడిపేవాళ్లు కొద్దిమందే అయితే, లేదా మెజారిటీ ఒక మాట మీద ఉంటే, మారుతుంది కూడా. 2016 జూన్ 17న ఇథీరియం అనే ఇంకో క్రిప్టో గొలుసు మీద నడిచే ద డీఏఓ అనే నిధిలోంచి 36 లక్షల ఈథర్ (ఆ గొలుసు నాణేలు) లాగేశారు. అందులో కోడ్ ముందు డబ్బు ఇచ్చి, తర్వాత ఖాతాలో తగ్గించేది. ఇచ్చీ తగ్గించేలోపు మళ్లీ అడిగితే మళ్లీ ఇచ్చేది. రెండు లైన్లు కిందామీదా అయిన ఫలితం. ఆ కోడ్ కూడా బహిరంగమే, రాసినట్టే నడిచింది. జూలై 20న ఇథీరియం నియమాలే మార్చి ఆ డబ్బుని పెట్టుబడిదారులకి తిరిగి దక్కేలా చేశారు. కుదరదన్నవాళ్లు పాత గొలుసుని ఇథీరియం క్లాసిక్ పేరుతో కొనసాగించారు. నన్నడిగితే తిరిగి ఇవ్వడమే న్యాయం. కానీ ఆ తర్వాత "దీన్ని ఎవరూ మార్చలేరు" అని నా ముందు ఎవరన్నా ఒప్పుకోను. మనుషులు మార్చగలరు, ఒకసారి మార్చారు.

ప్రశ్న: క్రిప్టో దాచుకోవడానికి నేను వాడే వాలెట్ యాప్ ఓపెన్ సోర్స్. ఇక నా డబ్బుకి భయం లేనట్టేనా?

జవాబు: చదవడానికి పెట్టిన కోడూ, మీ ఫోన్‌లో నడుస్తున్న యాపూ ఒకటేనని మీకెలా తెలుసు? జనం అస్సలు అడగని ప్రశ్న ఇది.

2018లో కోపే అనే బిట్‌కాయిన్ వాలెట్ ఉండేది. నిజాయితీగా రాసిన ఓపెన్ సోర్స్ యాప్. అది వాడుకునే అనేక చిన్న లైబ్రరీల్లో (ఇతరులు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్ ముక్కల్లో) ఈవెంట్-స్ట్రీమ్ ఒకటి. దాన్ని రాసినాయన పైసా రాని ఆ పనిని ఏళ్ల తరబడి మోసి, ఎవరో ముక్కూముఖం తెలియని వ్యక్తి "నేను చూసుకుంటాను" అంటే అప్పగించేశాడు. ఆయన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. లోకమంతా ఉచితంగా వాడుకుని, ఒక్కరూ చేయందించని పని అది. వచ్చినవాడు దానికి ఇంకో లైబ్రరీని తగిలించాడు. దాని గిట్‌హబ్ పేజీలో కోడ్ శుభ్రంగా ఉంది. దించుకునే ప్యాకేజీలో మాత్రం కోపే వాలెట్లోని కీలు, అంటే డబ్బు తీసే రహస్య తాళంచెవులు, దొంగిలించే ముక్క ఉంది, అదీ కోపేలో తప్ప ఇంకెక్కడా మేలుకోకుండా తాళం వేసి. నవంబర్‌లో బయటపడింది.

దీనికి విరుగుడు కొంత ఉంది. బిట్‌కాయిన్ నడిపే ప్రధాన ప్రోగ్రామ్ బిట్‌కాయిన్ కోర్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా వేర్వేరు మనుషులు వేర్వేరు కంప్యూటర్ల మీద అదే కోడ్ నుంచి ఎవరికి వాళ్లు ప్రోగ్రామ్ తయారుచేసి, ఫలితం అక్షరం పొల్లుపోకుండా ఒకటే వచ్చిందని సంతకాలు పెడతారు. నేను దించుకున్నాక ముందు ఆ సంతకాలు చూస్తాను, తర్వాత నా ఫైల్ హ్యాష్, అంటే దాని వేలిముద్ర లాంటిది, తీస్తాను. 64 అక్షరాలు వస్తాయి. మొదటి నాలుగూ చివరి నాలుగూ చూసి సరిపెట్టుకోను, వాళ్లు ప్రకటించిన దాన్ని పక్కన పెట్టి మొత్తం పోలుస్తాను. రెండు నిమిషాల పని. కొన్ని ఫోన్ వాలెట్లకి కూడా ఇలా తయారుచేసి పోల్చే వీలుంది, చాలావాటికి లేదు. మీ వాలెట్‌కి ఉందేమో దాని వెబ్‌సైట్‌లో చూడండి.

ఇంత చేసినా తెర మీద కనిపించేదాన్ని గుడ్డిగా నమ్మవద్దు. 2025 ఫిబ్రవరిలో బైబిట్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజ్ (కొనుగోలు, అమ్మకాల వేదిక) నుంచి దాదాపు 4 లక్షల ఈథర్ పోయింది, సుమారు 150 కోట్ల డాలర్లు. డబ్బు ఉంచిన కాంట్రాక్ట్ (గొలుసు మీద దానంతటదే నడిచే ప్రోగ్రామ్) కోడ్‌లో లోపం దొరకలేదు. సంతకాలు పెట్టేవాళ్లకి లావాదేవీ చూపించే వెబ్ పేజీని మార్చారు. కళ్లకి మామూలు బదిలీ కనిపించింది, చేత్తో సంతకం పెట్టింది ఇంకోదాని మీద. అంచేత, కీలని ఫోన్‌కి బయట దాచే చిన్న పరికరం, హార్డ్‌వేర్ వాలెట్ ఉంటే దాని తెర మీద చిరునామా, మొత్తం చదివాకే బటన్ నొక్కండి. సీడ్ పదాలు (వాలెట్‌ని తిరిగి తెరిచే రహస్య పదాలు) కాగితం మీదే ఉండాలి. ఫొటో తీయవద్దు. ఏ వెబ్‌సైట్ అడిగినా, ఎంత మర్యాదగా అడిగినా టైపు చేయవద్దు.

ప్రశ్న: ఇంతకీ మీరు కొన్నారా?

జవాబు: కొన్నాను. బిట్‌కాయిన్ ఒక్కటే, కొంచెం. రేపు పొద్దున్నే విలువ సున్నా అయినా ఇల్లు గడవడానికి ఇబ్బంది లేనంత. కీలు నా దగ్గరే ఉన్నాయి, ఏ ఎక్స్ఛేంజ్‌లోనూ పెట్టలేదు.

మొదటి ఉత్తరం రాసిన టీచర్ గారూ, ఆ కాయిన్ గిట్‌హబ్ లింకు మీ తమ్ముణ్ణి అడిగి నాకు పంపండి. ఎన్ని రోజులు పట్టినా చదువుతాను. యజమానికి ఏయే అధికారాలు రాసుకున్నారో, ఏ లైన్లలో ఉన్నాయో మీ ఇద్దరికీ తెలుగులో రాసి పంపుతాను. అప్పటిదాకా ఇంకేమీ పెట్టవద్దని మాత్రం వాడికి నా మాటగా చెప్పండి.