పెట్టె తర్వాత, ముందు యాంటెన్నా

చిరంజీవి రవికి,

ఆశీస్సులు. సెకండ్‌హ్యాండ్‌లో తెరచాప పడవ కొన్నావని, దానికి ఏ ఏఐఎస్ పెట్టె (నీ పడవ ఎవరిదో, ఎక్కడుందో రేడియోలో చుట్టుపక్కల ఓడలకు చెబుతూ, వాటివి నీకు చూపించేది) మంచిదో చెప్పమని రాశావు. పెట్టె సంగతి నాలుగు మాటల్లో తేల్చేస్తాను. నువ్వు అడగని యాంటెన్నా గురించే ఎక్కువ రాయాలి.

క్లాస్ ఎ పెద్ద ఓడలది, దాని జోలికి పోకు. నీకు కావలసింది క్లాస్ బి. అందులో 2 వాట్ల రకం ఒకటి, 5 వాట్ల రకం ఒకటి ఉన్నాయి. మొదటిది ఛానల్‌లో ఖాళీ దొరికినప్పుడే మాట్లాడుతుంది. రెండోది తన వంతు ముందే రిజర్వు చేసుకుంటుంది కాబట్టి రద్దీ ఎక్కువున్న నీళ్లలో నెగ్గుకొస్తుంది. చేతిలో డబ్బుంటే 5 వాట్లదే తీసుకో. వినడమే తప్ప పంపలేని రిసీవర్లు చవకగా వస్తాయి. వాటితో నీకు ఓడలు కనిపిస్తాయి కానీ నువ్వు వాళ్లకు కనిపించవు. చీకట్లో వచ్చే ఓడకు నువ్వు కనిపించకపోతే ఆ పొదుపు దేనికి?

ఇక అసలు విషయం. ఏఐఎస్ అయినా, మాట్లాడే వీహెచ్‌ఎఫ్ రేడియో అయినా తరంగాలు దాదాపు సూటిగా పోతాయి, భూమి వంపు దాటాక అందవు. అందుకే వాట్ల కంటే ఎత్తు ముఖ్యం. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, వర్గమూలం కట్టి, 2.2తో గుణించు. అవతలివాడి ఎత్తుకూ అలాగే చేసి రెండూ కలిపితే సుమారు దూరం నాటికల్ మైళ్లలో వస్తుంది. ఓడ యాంటెన్నా 36 మీటర్ల ఎత్తులో ఉంటే దాని వాటా 13. పడవ వెనక కమ్మీకి కట్టిన స్తంభం మీద, 4 మీటర్ల ఎత్తులో నీది ఉంటే నీ వాటా 4.4. మొత్తం 17 మైళ్లకు పైనే. అదే 16 మీటర్ల మాస్ట్ (తెరచాప కట్టే నిలువు కొయ్య) చివర పెడితే 22 దాకా పోతుంది. తేడా అంత పెద్దదేం కాదు. కానీ నీలాంటి ఇంకో చిన్న పడవతో మాట్లాడాలంటే, ఇద్దరివీ 4 మీటర్లలో ఉంటే 9 మైళ్లు కూడా రావు. ఇద్దరివీ మాస్ట్ మీద ఉంటే 17 దాటుతాయి.

దీన్ని బట్టే నా సలహా: మాట్లాడే రేడియోకు మాస్ట్ చివర ఇవ్వు, ఏఐఎస్‌కు వెనక స్తంభం చాలు. ఒకే యాంటెన్నాకు స్ప్లిటర్ (దాన్ని రెండు పెట్టెలకు పంచే పరికరం) పెట్టి రెండూ నడపొచ్చని దుకాణంలో చెబుతారు. నడుస్తాయి, కాదనను. కానీ ఏఐఎస్ కోసం తయారైన స్ప్లిటరే కావాలి, టీవీలకు వాడేది పెడితే పెట్టె కాలిపోతుంది. పైగా మాస్ట్ విరిగిన రోజున ఒక్క దెబ్బకు రెండూ మూగబోతాయి. విడివిడిగా ఉంటే మిగిలిన యాంటెన్నాను రేడియోకు తగిలించి ఆపద పిలుపులకున్న 16వ ఛానల్‌లో సాయం అడగొచ్చు. ఆ మార్పుకు కావలసిన కనెక్టర్ అడాప్టర్ ఇప్పుడే కొని పెట్టుకో, పెట్టెకు ఒక రకం, రేడియోకు ఒక రకం ఉండటం మామూలే.

యాంటెన్నా మీద 3 డెసిబెల్, 6 డెసిబెల్ అని రాసి ఉంటుంది. పెద్ద అంకె చూసి మోసపోకు. ఆ అంకె, అంటే గెయిన్, పెరిగిన కొద్దీ కిరణం పలచబడి అడ్డంగా సాగుతుంది. గాలికి ఒరిగే తెరచాప పడవలో అది ఒక పక్క నీళ్లలోకీ ఇంకో పక్క ఆకాశంలోకీ పోతుంది. నీకు 3 డెసిబెల్‌ది, మీటరు పొడుగుది సరిపోతుంది. 6, 9 అన్నవి నిటారుగా నడిచే మోటారు బోట్లకు. ఏఐఎస్ 162 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, 16వ ఛానల్ 156.8 మీద. కాబట్టి వెనకది ఏఐఎస్‌కు ట్యూన్ చేసినదే అడుగు.

కేబుల్ దగ్గర మాత్రం పిసినారితనం చూపకు. సన్నటి ఆర్‌జీ-58 ఒక 20 మీటర్లు వేస్తే, పంపిన శక్తిలో సగానికి పైగా దారిలోనే హరిస్తుంది. లావుపాటి ఆర్‌జీ-213 వేస్తే పోయేది మూడో వంతు. మాస్ట్‌లోకి లావుది, వీలైతే తగరం పూత ఉన్న రాగి తీగది వేయించు. ఉప్పునీరు కనెక్టర్‌లోంచి దూరి, కేబుల్‌లో తీగ చుట్టూ అల్లిన రాగి జాలీ వెంట లోపలికి పాకుతుంది, బయటకు ఏమీ తెలియదు. రాగి నల్లబడిందంటే ఆ ముక్క కోసేయడమే. కనెక్టర్ సోల్డర్ చేయించి, దానికదే అతుక్కునే రబ్బరు టేపు సాగదీసి చుట్టు. కేబుల్ క్యాబిన్‌లోకి దిగే ముందు కిందికి చిన్న వంపు ఇస్తే నీటి బొట్లు అక్కడే రాలిపోతాయి.

బిగించాక ఎస్‌డబ్ల్యూఆర్ మీటరుతో (పంపిన శక్తి యాంటెన్నా నుంచి ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పేది) చూడు. 1.5 లోపుంటే నిశ్చింత, 3 దాటితే ఎక్కడో తప్పుంది, విప్పాల్సిందే. యాంటెన్నా తగిలించకుండా ఏ పెట్టెకూ కరెంటు ఇవ్వకు.

ఎంఎంఎస్ఐ అంటే పడవను గుర్తుపట్టే 9 అంకెల రేడియో నంబరు, పడవకు ఒక్కటే. రేడియోలోనూ ఏఐఎస్‌లోనూ అదే ఉండాలి. పాత యజమాని నంబరు ఇంకా రేడియోలో ఉందేమో ముందు చూసుకో, లేకపోతే నువ్వు ఆపదలో రేడియో మీది ఎర్ర బటన్ నొక్కిన రోజు సహాయక దళం అతని ఇంటికి ఫోన్ చేస్తుంది. చాలా ఏఐఎస్ పెట్టెలు ఈ నంబరును ఒక్కసారే ఎక్కించనిస్తాయి. కాగితం పక్కన పెట్టుకుని, ఇంకొకరి చేత చదివించి కొట్టు.

ఇంతా చేశాక తెర మీద ఏమీ లేదని చుట్టూ చూడటం మానేయకు. ఏఐఎస్ లేని చిన్న పడవలు బోలెడు.

ఇప్పుడు నీ పని ఒకటే. మాస్ట్ అడుగున పాత కేబుల్ బయటికొచ్చే చోట దాని రకం పైన అచ్చు వేసి ఉంటుంది. దాన్నీ, కనెక్టర్‌నూ ఫోటో తీసి పంపు. అది చూశాక పెట్టె ఏ కంపెనీదో మాట్లాడుకుందాం.

మీ బాబాయి