ఏరు దాటి ఇల్లు మారుతున్న మేనల్లుడికి

చిరంజీవి వంశీకి మామయ్య ఆశీస్సులు.

నిషికసాయి నుంచి గ్యోటోకుకి ఇల్లు మారుతున్నారని అక్క ఫోన్లో చెప్పింది. తోజాయ్ మెట్రో రైలు లైన్లో నాలుగో స్టేషనే కదా అని తేలిగ్గా తీసుకోకురా. మధ్యలో ఏరు దాటగానే టోక్యో అయిపోయి చిబా ప్రిఫెక్చర్, అంటే మన రాష్ట్రం లాంటిది, వస్తుంది. ఇన్నాళ్లూ ఎడోగావా వార్డు మనిషివి, ఇకమీదట ఇచికావా నగరం మనిషివి. జపాన్‌లో పిల్లల భత్యం, నివాస పన్ను, చెత్త, అన్నీ ఊరి ఆఫీసు చేతిలోనే ఉంటాయి. అందుకే ముందు ఆఫీసు పని, తర్వాతే సామాన్లు.

మారబోయే ముందే ఎడోగావా ఆఫీసులో వెళ్లిపోతున్నామని రాసివ్వు. వాళ్లిచ్చే ధ్రువపత్రం జాగ్రత్త. మై నంబర్ కార్డు (మన ఆధార్ లాంటిది) ఉంటే ఈ పని ఆన్‌లైన్‌లోనూ అవుతుంది. కొత్త ఊళ్లో మాత్రం మనిషి వెళ్లాల్సిందే, అదీ దిగిన 14 రోజుల్లోగా. ముగ్గురి జైర్యూ కార్డులూ, అంటే విదేశీయుల నివాస కార్డులూ, పట్టుకెళ్లు. కార్డు వెనకవైపు కొత్త అడ్రసు ఎక్కించి ఇస్తారు. కౌంటర్ దగ్గరే నిలబడి, గది నంబరుతో సహా సరిచూసుకో. 90 రోజులు దాటినా చెప్పకపోతే వీసాకే ఎసరు రావచ్చు.

యొకొహామాలో ఉన్న నీ స్నేహితుడు ఒక్కచోట చెబితే చాలంటాడు. అతనికి చాలు. అక్కడి 18 వార్డులూ ఒకే నగరంలో భాగాలు, వాటి అధికారుల్ని నగర మేయరే నియమిస్తాడు. కాబట్టి వార్డు మారితే కొత్త వార్డులో చెప్పేస్తే సరిపోతుంది. టోక్యో 23 వార్డులు అలా కాదు. దేనికదే ఒక ఊరు. జనం ఎన్నుకున్న మేయరు, సభ ఉంటాయి. మన దేశంలో పుట్టి జపాన్ పౌరసత్వం తీసుకున్న యోగేంద్ర పురాణిక్ 2019లో గెలిచింది ఎడోగావా వార్డు సభకే. ఆ వార్త విని ఎంత పొంగిపోయానో!

పాప భత్యం మరిచిపోకు. ఇచికావాలో మళ్లీ దరఖాస్తు పెట్టాలి. 15 రోజుల గడువు దాటితే ఆలస్యమైన నెల డబ్బు వదులుకోవాల్సిందే. పాప వైద్యానికి ఇచ్చిన పాత కార్డు అప్పజెప్పి, కొత్తదానికి అక్కడే రాసివ్వు. చెత్త క్యాలెండరు కూడా అడిగి తెచ్చుకో, వేసే రోజులు ఊరూరికీ మారతాయి.

ఇక పన్ను. నివాస పన్ను జనవరి 1న ఎక్కడ ఉంటే ఆ ఊరికే చెందుతుంది. నువ్వు మారేది ఫిబ్రవరిలో కనుక, ఈ జూన్ నుంచి వచ్చే మే దాకా జీతంలో కోసేది ఎడోగావాకే వెళ్తుంది. అది పొరపాటు కాదు, కంగారుపడకు. కంపెనీలో కొత్త అడ్రసు ఇవ్వడం మాత్రం ఆలస్యం చేయకు.

ఇట్లు,
మామయ్య