సగం దూరానికి సగం సమయం పట్టదా?

ప్రశ్న: సార్, సరళ హరాత్మక చలనంలో (మధ్య స్థానానికి అటూ ఇటూ ఊగే చలనం) డోలనావర్తన కాలం, అంటే ఒక పూర్తి ఊపుకు పట్టే కాలం, 2.4 సెకన్లు. మధ్య నుంచి చివరికి 0.6 సెకన్లు కదా, సగం దూరానికి 0.3 అని రాశాను. కీలో 0.2 ఉంది. కీ తప్పా?
– ఇంటర్ విద్యార్థిని, పటమట, విజయవాడ

జవాబు: కీ సరిగానే ఉందమ్మా. వేగం మారదనుకున్నావు, అక్కడే తేడా కొట్టింది. గుంటూరు బ్రాడీపేటలో మా వరండా ఉయ్యాల మీద మనవరాలు ఊగుతుంటే చూస్తుంటాను. మధ్యలో రివ్వున దాటుతుంది, చివర్లో తటపటాయిస్తుంది. (కాఫీ గ్లాసు అందించాలంటే చివర్లోనే!)

ఇప్పుడు లెక్క. త్వరణాన్ని కాలంతో రాయకు, స్థానంతో రాయి. వేగాన్ని, స్థానం దృష్ట్యా వేగం అవకలజంతో గుణిస్తే త్వరణం వస్తుంది. అది మైనస్ ఒమేగా (కోణీయ పౌనఃపున్యం) వర్గం ఇంటూ స్థానభ్రంశానికి (మధ్య నుంచి ఉన్న దూరానికి) సమానం. సమాకలనం చేసి, చివర్లో వేగం సున్నా అని పెట్టు. అలా వచ్చే సమాకలన స్థిరాంకాన్నే చాలామంది మింగేస్తారు. కంపన పరిమితి (మధ్య నుంచి చివరి దాకా దూరం) వర్గంలోంచి స్థానభ్రంశం వర్గం తీసేసి, ఒమేగా వర్గంతో గుణిస్తే వేగం వర్గం. వర్గమూలం తీసి మళ్లీ సమాకలనం చేస్తే సైన్ విలోమం, అంటే ఒక కోణం, తేలుతుంది. అది కాలంతో పాటు సమానంగా పెరుగుతుంది.

సగం దూరానికి ఆ కోణం 30 డిగ్రీలు, పూర్తి దూరానికి 90. అంటే 0.6లో మూడో వంతు, 0.2 సెకన్లు. మిగతా సగానికి 0.4.

చివరి నుంచి కాలం లెక్కపెట్టమంటే కొసైన్ వస్తుంది, మొదటి సగానికే 0.4 పడుతుంది. ప్రశ్నలో ‘ఎక్కడి నుంచి’ అన్న మాట కింద గీత గీసుకో.