‘చెరి సగం’ అన్నాక నోరు పెగల్లేదు

ప్రశ్న: మాది గాజువాక. నాకు 36 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మా ఆయన ఆటోనగర్‌లో పనిచేస్తారు. డిగ్రీలో నా ప్రాణ స్నేహితురాలు పదకొండేళ్ల తర్వాత వైజాగ్ వచ్చింది. వాళ్లాయన నేవీ, ఇప్పుడు షిప్పు మీద ఉన్నారు. మొన్న ఆదివారం మధ్యాహ్నం, రోళ్లు పగిలే ఎండలో, బీచ్ రోడ్డులో కొత్తగా పెట్టిన ఇటాలియన్ రెస్టారెంట్‌కి రమ్మంది. అన్నిట్లోకీ తక్కువని నేను 420 రూపాయల పాస్తా ఒక్కటి చెప్పాను. అది సూపు, పిజ్జాలు, కూల్‌డ్రింకులు అంటూ చెప్పుకుంటూనే పోయింది. మెనూలో ఒక పేరు నేను ‘బ్రుచ్చెట్టా’ అని చదివితే, సర్వర్ ముందే నవ్వి ‘బ్రషెట్టా అనాలే’ అంది. సర్వీస్ చార్జీ, ట్యాక్సు కలిపి బిల్లు 3,696 రూపాయలు. ‘చెరి సగం వేసుకుందామే’ అంది. నా ఫోన్‌పేలో 1,400 ఉన్నాయి. బాత్రూమ్‌కని లేచి, మా ఆయనకి ఫోన్ చేసి 500 వేయించుకున్నాను. ఇంటికొచ్చాక ‘మనకెందుకే ఈ సోకులు’ అన్నారు. అప్పట్నుంచీ దాని ఫోన్ ఎత్తట్లేదు. ‘ఏటే, చచ్చావా బతికున్నావా? ఈ ఆదివారం రుషికొండ వైపు వెళ్దాం’ అని మెసేజ్ పెట్టింది. ఈ స్నేహం వదిలేయడమే మంచిదా? నాదే చిన్నబుద్ధా?

జవాబు: ఆడవాళ్లు బస్సుల్లో డబ్బులివ్వకుండా వెళ్లొచ్చే రోజుల్లో తిండికి 1,848 రూపాయలు! మీ కడుపుమంట నాకు అర్థమైంది. కడుపు బాగోలేదని చెప్పి లైమ్ సోడాతో సరిపెట్టుకున్న రోజులు నాకూ ఉన్నాయి. చిన్నబుద్ధి కాదండీ, మొహమాటం. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటుంది, ఇక్కడ పూర్తిగా రాస్తే బాగుండదు. మీకు తెలిసే ఉంటుంది.

ముందు ఆ నవ్వు సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే డబ్బుకన్నా అదే మిమ్మల్ని ఎక్కువ గుచ్చుతున్నట్టుంది. ఇటాలియన్‌లో ‘సి-హెచ్’ పక్కన ‘ఐ’ అక్షరం గానీ ‘ఈ’ అక్షరం గానీ వస్తే ‘క’ పలుకుతుంది. అది బ్రుస్కెట్టా. మీరూ తప్పే, ఆవిడా తప్పే. ఇంతా చేసి అదేమిటి? కాల్చిన రొట్టె ముక్క మీద వెల్లుల్లి రుద్ది, ఆలివ్ నూనె పోసి, టమాటా ముక్కలు పెట్టినది. పల్లెల్లో రొట్టె పారేయలేక తిన్న తిండి. మీరు చెప్పిన పాస్తా పేరు రాయలేదు. ఆ ధరకి బహుశా ‘ఆలియో ఒలియో’ అయి ఉంటుంది. ఆ పేరుకి అర్థం ‘వెల్లుల్లి, నూనె’, అంతే. అందులో ఎండుమిరపకాయ కూడా వేస్తారు. మన పోపుకి దూరపు చుట్టం. ఆ మెనూ ముందు తల దించుకోవాల్సిన పనేమీ లేదు.

బిల్లు దగ్గర మీరిద్దరూ ఒక చిన్న విషయం వదిలేశారు. మీ లెక్క ప్రకారం తిన్నది 3,200, దాని మీద పది శాతం సర్వీస్ చార్జీ 320, మొత్తం మీద అయిదు శాతం జీఎస్టీ 176. ఆ సర్వీస్ చార్జీని అడగకుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలోనే చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది. తీసేయమంటే తీసేయాలి. తీసేయించి ఉంటే మీ వాటాలో 168 తగ్గేది. పెద్ద మొత్తం కాదు గానీ, ‘ఇది తీసేయండి’ అని ఒక్కసారి అన్నవాళ్లకి ‘ఎవరిది వాళ్లు ఇద్దామే’ అనడానికి కూడా నోరొస్తుంది. చెరి సగాన్ని ఇటలీలో ‘రోమన్ పద్ధతి’ అంటారు. ఇద్దరూ ఇంచుమించు ఒకేలా తిన్నప్పుడు అది బాగానే ఉంటుంది. మీ విషయంలో కుదరలేదు.

కానీ ఆవిడ మిమ్మల్ని దోచుకుందని నేను అనను. మీ దగ్గర ఎంతుందో ఆవిడకెలా తెలుస్తుంది? డిగ్రీ రోజుల్లో ఇద్దరూ ఒకే టిఫిన్ డబ్బా తిన్నారు, ఆవిడ లెక్క ఇంకా అక్కడే ఆగి ఉంది. మీరు చెప్పలేదు. పైగా మీ పాస్తా చల్లారుతుంటే ‘నాకంత ఆకలి లేదే’ అని కూడా అనుంటారు, పందెం!

ఇంకో మాట. ‘వాళ్లాయన షిప్పు మీద ఉన్నారు’ అని ఒక్క ముక్క రాసి దాటేశారు. నేను అక్కడే ఆగాను. కొత్త ఇల్లు, తెలిసినవాళ్లు లేరు, మనిషి ఎప్పుడొస్తాడో తేదీ లేదు. ఒక్కరికే వండుకోవాలంటే ఎవరికైనా విసుగు. అలాంటి మనిషి ఆదివారం మధ్యాహ్నం ఏసీ ఉన్నచోట మరీ ఎక్కువ చెప్పేసింది. రెండు పిజ్జాలు ఆకలితో చెప్పినవి కావనిపిస్తోంది, మీరు ఇంకాసేపు కూర్చోవాలని చెప్పినవి.

మీ ఆయన మాట మీద అలగకండి. మధ్యాహ్నం పూట బాత్రూమ్‌లోంచి గుసగుసగా ‘అర్జెంటుగా 500 వెయ్యండి’ అంటే ఎవరికైనా కంగారే. ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పండి. అయితే ‘మనకెందుకు’ అన్న ముక్కకి మాత్రం జవాబివ్వండి. నెలకింత నా స్నేహితురాలితో తిరగడానికి, నా జీతంలోంచి, అని ఒక అంకె అనుకోండి. 400 అయినా సరే, అది మీది.

ఇక ఆ మెసేజ్‌కి జవాబు ఈ రోజే పెట్టండి. సంజాయిషీలు వద్దు, ఇలా రాయండి: ‘బతికే ఉన్నాను. ఆ రోజు బిల్లుకి నా దగ్గర డబ్బుల్లేక బాత్రూమ్‌లోంచి మా ఆయన్ని అడిగానే, సిగ్గేసి ఫోన్ ఎత్తలేదు. అలాంటి చోట్లకి నేను ఎప్పుడో ఒకసారి తప్ప రాలేను. సర్వర్ ముందు నువ్వు నవ్వడం నాకు నచ్చలేదు. ఈ ఆదివారం మా ఇంటికి రా.’ మొదటి వాక్యం రాయడమే కష్టం. ఆవిడ దీనికి కూడా నవ్వితే, లేదా ‘అంత చిన్నదానికా’ అని తీసిపారేస్తే, అప్పుడు దూరం జరగండి. నేనేమీ ఆపను. అడక్కుండా మాత్రం తీర్పు చెప్పకండి.

వస్తే బీచికి సాయంత్రం, ఎండ దిగాక తీసుకెళ్లండి, మురీ మిక్చర్ మీరే కొనండి. మధ్యాహ్నం ఇంట్లో ఎలాగూ ఆవకాయ పనుంటుంది కదా, మే నెల. కాయలు మార్కెట్లోనే ముక్కలు కొట్టించి ఉంచండి. జీడి తీసి, ఒక్కో ముక్కా పొడిగుడ్డతో తుడిచే పని ఆవిడకి అప్పజెప్పండి. రెండు గంటలు పడుతుంది, కబుర్లకి సరిపోతుంది. వెళ్లేటప్పుడు ఒక సీసా కట్టివ్వండి.