బీరువా ఖాళీ చేయకముందు

ప్రశ్న: నేను తిరుపతిలో ఒక ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెబుతాను. వారానికి ఆరు రోజులు బయటికి వెళ్లాలి కాబట్టి, ఫోనులో తగ్గింపు ధర కనిపించినప్పుడల్లా కుర్తీలు తెప్పించుకోవడం అలవాటైంది. నాలుగు ఉతుకులకే అవి రంగు వెలిసి, చంకల దగ్గర కుట్లు విడిపోతున్నాయి. బీరువా తలుపు పట్టడం లేదు. పొద్దున్నే వేసుకుందామంటే మాత్రం ఒక్కటీ దొరకదు. ‘క్యాప్సూల్ వార్డ్‌రోబ్’ పేరుతో ముప్పయ్యో నలభయ్యో ఉంచుకుని తక్కినవి ఇచ్చేయమంటున్నారు. ఉన్నవన్నీ తీసేసి, తెలుపు, లేత గోధుమ, బూడిద రంగుల్లో ఖరీదైనవి కొందామనుకుంటున్నాను. సబబేనా? చీరలను ఈ లెక్కలో ఎలా చేర్చాలి?
– ఒక అధ్యాపకురాలు, తిరుపతి

జవాబు: ఎడాపెడా కొనే అలవాటు పోవాలంటే మరోసారి భారీగా కొనాలని మీకెవరో నచ్చజెప్పారు. ఆ పని చేయకండి. క్యాప్సూల్ వార్డ్‌రోబ్ అన్న ఆలోచన 1970లలో లండన్‌లో దుస్తుల దుకాణం నడిపిన సూజీ ఫాక్స్‌ది. ఒకదానితో ఒకటి కలిసే కొద్దిపాటి మంచి దుస్తులను ఏళ్ల తరబడి వాడుకుంటూ, కాలానికి తగినట్టు ఒకటి రెండు మాత్రమే చేర్చుకోవాలన్నది ఆమె మాటల సారం. 1985లో అమెరికన్ డిజైనర్ డోనా కరన్ ఉద్యోగినుల కోసం ఏడు విడి దుస్తులతో ఒక వరుసను తెచ్చాక అది విస్తృతంగా ప్రచారమైంది. వారి జాబితాల్లో కోట్లూ స్వెట్టర్లూ ఉండడం సహజం. మార్చి నుంచి జూన్ దాకా ఎండా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానా ఉండే మన ఊరికి ఆ జాబితా పనికిరాదు, దాని వెనకున్న పద్ధతి మాత్రం పనికొస్తుంది.

కాబట్టి ముందుగా దేన్నీ బయటికి పంపకండి. ఉతికి మడిచిన ప్రతి బట్టనూ అరలో కుడివైపున పెడుతూ రండి. రెండు నెలలు గడిచేసరికి మీరు నిజంగా వేసుకునేవి కుడివైపుకు చేరి, చేయి వేయనివి ఎడమవైపున మిగిలిపోతాయి. ఆ ఎడమవైపు వాటిని ఒక్కొక్కటిగా తీసి, ఎందుకు వేసుకోలేదో కాగితం మీద రాయండి. బిగుతైందా, గుచ్చుకుంటోందా, జతకు లెగ్గింగ్ లేదా, గుండీ ఊడిందా? వీటిలో చాలావరకు దర్జీ దగ్గర ఒక్క సాయంత్రంలో తీరిపోయే కారణాలని నా అనుభవం. కొనవలసినవి ఆ కాగితం మీదే తేలుతాయి, అవి మీరు అనుకుంటున్న దానికంటే తక్కువే ఉంటాయి.

రంగుల విషయంలో మీ ఎంపికతో నేను ఏకీభవించలేను. లేత గోధుమ రంగు ఫొటోల్లో హుందాగా కనిపిస్తుంది గాని, స్కూటరు మీద దుమ్ములో వెళ్లి, రోజంతా సుద్దముక్కతో పనిచేసి, చెమటతో ఇంటికి వచ్చే మనిషికి అది రోజూ చాకిరీ తెచ్చిపెడుతుంది. అందులోనూ మీ ఇంట్లో సబ్బు నురగ రాని బోరు నీళ్లే గతి అయితే, తెలుపు కొద్ది నెలల్లోనే మాసిన రంగుకు తిరుగుతుంది. మీ ఒంటికి నప్పే ముదురు రంగులు రెండు, వాటితో కలిసే మధ్యస్థపు రంగులు రెండు ఎంచుకుంటే చాలు. నేనైతే నీలిమందు రంగు, మెరూన్, ఆవపిండి రంగు, ఆకుపచ్చ తీసుకుంటాను.

ఇక గుడ్డ సంగతి. మీరు తెప్పించుకున్న కుర్తీల్లో ఎక్కువ భాగం పాలియెస్టరు కలిసినవే అయి ఉంటాయి. పాలియెస్టరు పెట్రోలియం నుంచి తయారయ్యే దారం. చెమటను పీల్చదు, అందుకే ఏప్రిల్‌లో ఒంటికి అంటుకుని చిరాకు పెడుతుంది. అయితే అది అర్ధాయుష్షు గుడ్డ కాదు. గుడ్డ గట్టిగానే ఉంటుంది. త్వరగా పోయేది నాసిరకపు కుట్టు, లోపల గుడ్డ వదలకుండా అంచుదాకా కోసిన కోత. ఒక నూలు టీషర్టుకు కావలసిన పత్తి పండించి తయారుచేయడానికి దాదాపు 2,700 లీటర్ల నీరు పడుతుందన్న అంచనా ఉంది, అంటే నూలు కూడా ఊరికే వచ్చేది కాదు. కనుక ఇప్పటికే ఉన్న పాలియెస్టరు కుర్తీలను పాపంగా చూడకుండా, కుట్లు గట్టిపరచి, చలిగా ఉండే వానాకాలంలో వేసుకోండి. త్వరగా ఆరడం ఆ రోజుల్లో వాటికున్న సుగుణం.

ధరను వేసుకున్న రోజులతో భాగించి చూడడం మంచి అలవాటు. 350 రూపాయల కుర్తీ ఏడుసార్లకే మూలకు చేరితే ఒక్కో రోజుకు 50 రూపాయలైనట్టు. 1,400 పెట్టి కుట్టించుకున్నది వందసార్లు వేసుకుంటే రోజుకు 14 రూపాయలే. చౌకలో మన జేబులోంచి పోని భాగాన్ని ఇంకెవరో భరిస్తారు. 2013 ఏప్రిల్ 24న ఢాకా సమీపంలో దుస్తులు కుట్టే కర్మాగారాలున్న రానా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందురోజే గోడలు బీటలు వారినా లోపలికి వెళ్లి పనిచేయవలసి వచ్చిన కుట్టుపని కార్మికులే వారిలో ఎక్కువమంది.

చీరల గురించి అడిగారు. కుట్టని వస్త్రం కాబట్టి చీర మీరు లావైనా సన్నబడినా మారదు; మారేది జాకెట్టు. ఒక్కో చీరకు ఒక్కో జాకెట్టు అన్న పట్టుదల వదిలేసి, నలుపు, మెరూన్, ఒక కలంకారీ – ఈ మూడింటిని మంచి నూలుగుడ్డతో, పక్కల్లో విప్పుకోవడానికి వీలుగా గుడ్డ వదిలి కుట్టించుకుంటే సగం చీరలు మళ్లీ కట్టుబడికి వస్తాయి. రోజువారీకి నగరి పరిసరాల్లో మరమగ్గాల మీద నేసిన నూలు చాలు. వెంకటగిరి చీర తేలిక, ఎండలో హాయి. కాని సన్నని నూలు కనుక నెలల తరబడి ఒకే మడతలో ఉంచితే మడత వెంబడి చీలుతుంది. మడతలు మారుస్తూ ఉండాలి, జరీ అంచుంటే నూలుగుడ్డలో చుట్టి పెట్టాలి.

శ్రీకాళహస్తి కలంకారీ కొనేటప్పుడు మాత్రం తొందరపడకండి, ఆ పేరుతో దుకాణాల్లో దొరికేదానిలో చాలావరకు స్క్రీన్ ప్రింటు. చేతిపని అయితే గుడ్డను ముందు కరక్కాయ, గేదెపాల మిశ్రమంలో నానబెట్టి ఆరబెడతారు. ఇనుప ముక్కలను బెల్లంతో నీళ్లలో పులియబెట్టి తీసిన నలుపుతో వెదురు కలంతో గీతలు గీస్తారు. పటిక పూసిన చోటే ఎరుపు పట్టేలా చేస్తారు. మధ్యమధ్య ఎన్నోసార్లు ఉతకవలసిన పని గనుకనే అది స్వర్ణముఖి ఒడ్డున నిలదొక్కుకుంది. గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉండడం, ఒకే పువ్వు రెండోసారి కాస్త తేడాగా రావడం చేతిపనికి గుర్తులు. విడిగా, తేలికపాటి సబ్బుతో ఉతికి నీడలో ఆరేస్తే జాకెట్టు చాలా ఏళ్లు వస్తుంది.

ప్రశ్న: చొక్కాలు రెడీమేడ్ కొనాలా, కుట్టించుకోవాలా? మంచి గుడ్డను ఎలా గుర్తుపట్టాలి?
– ఒక ఉద్యోగి, చిత్తూరు

జవాబు: మీకు చేయి కుదిరిన దర్జీ ఉంటే కుట్టించుకోండి. గుడ్డను ముందురోజు నీళ్లలో నానబెట్టి ఆరేసి ఇవ్వాలి. లేకపోతే మొదటి ఉతుకుకే ముడుచుకుని కొలతలు తప్పుతాయి. అడ్డంగా పట్టి వెలుతురులో చూస్తే నేత సమంగా ఉందో, కొన్నిచోట్ల పలచబడిందో తెలుస్తుంది. అంచునుంచి ఒక పోగు లాగి కాల్చి చూడడం పాత పద్ధతే అయినా నమ్మదగినది: నూలు కాగితంలా కాలి మెత్తని బూడిద మిగులుస్తుంది, పట్టు వెంట్రుక కాలిన వాసన ఇస్తుంది, పాలియెస్టరు కరిగి గట్టి ఉండ కడుతుంది.

రెడీమేడ్ అయితే లోపలివైపు తిప్పి చూడండి. కుట్లు దగ్గరదగ్గరగా ఉన్నాయా, గళ్ల గుడ్డలో జేబు గళ్లు చొక్కా గళ్లతో కలిశాయా, అదనపు గుండీ ఇచ్చారా అన్నవి చాలు. చొక్కాలో ముందుగా అరిగేది కాలరు మడత. దాన్ని విప్పి తిరగేసి కుట్టే దర్జీలు ఇప్పటికీ ఉన్నారు, అడగండి. గుడ్డ బాగుంటే మరో రెండేళ్లు గడుస్తాయి. మీ లెక్కలో ఒక మంచి నూలు పంచె, ఉత్తరీయం కూడా చేర్చుకోండి. తిరుమలలో ఆర్జిత సేవలకు సంప్రదాయ దుస్తులు తప్పనిసరి కాబట్టి, వెళ్లిన ప్రతిసారీ బయట దొరికిన పలచని పంచె కొని పడేసేవారిని చాలామందిని చూస్తుంటాం.

ప్రశ్న: పాత బట్టలు పారేయబుద్ధి కాదు, దాచుకోవడానికి చోటు లేదు. ఏం చేయాలి?
– ఒక గృహిణి, పుత్తూరు

జవాబు: వేసుకోదగినవి ఉతికి, గుండీలు కుట్టి, ఇస్త్రీ చేసి ఇవ్వండి, చిరిగినవి దానం పేరుతో ఎవరికీ అంటగట్టకండి. మెత్తబడిన నూలు చీరలు బొంతకు, పసిపిల్లల పక్కగుడ్డలకు అన్నిటికంటే మేలైనవి. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చేవారు మీ వీధికి వస్తే జరీ, పట్టు ముందుగా వేరు చేసుకుని, తక్కినవి వేయండి. పాలియెస్టరు మట్టిలో కుళ్లదు గనుక చెత్తకుప్పలో గాని, మొక్కు పేరుతో నీళ్లలో గాని వదలకుండా సంచులుగా కుట్టించి కూరగాయలకు వాడుకోండి.