ఇంప్రెషనిస్టుల బొమ్మల్ని ‘అలంకారం’ అంటే తక్కువ చేసినట్టేనా?

“ఇంప్రెషనిస్టుల బొమ్మలు చూడ్డానికి బావుంటాయి, కానీ గోడకి అలంకారమే కదా?” అని ఒకరు అడిగారు. ఇంప్రెషనిస్టులంటే 1870ల ఫ్రాన్స్‌లో మారే వెలుగునీ రంగునీ కుంచెతో పట్టుకోవాలని చూసిన చిత్రకారులు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకునేదాన్ని. పింగాణీ మీద రంగులేయడం నేర్చుకున్నాక ఆ మాట అనలేకపోతున్నాను.

నున్నటి పళ్లెం మీద కుంచె జారిపోతుంది. రంగు మందంగా పెడితే కాల్చాక పెచ్చులూడుతుంది. నా మొదటి గులాబీ అలాగే పోయింది. రెండోసారి పల్చగా వేసి, రేకు అంచు దగ్గర ఏమీ వేయకుండా వదిలేశాను. అడుగునున్న తెలుపే అక్కడ ఎండలా వెలిగింది. ఇంప్రెషనిస్టుల్లో ఒకడైన రెన్వార్ గుర్తొచ్చాడు! ఆయన పదమూడో ఏటే పారిస్‌లో పింగాణీ మీద బొమ్మలేసే పనికి చేరాడు. ఆ తర్వాత విసనకర్రల మీద, తెరల మీద కూడా వేశాడు. ఆయన బొమ్మల్లో చర్మం లోపలినుంచి వెలుగుతున్నట్టుండటానికి ఆ పనితనమే మూలమని నా నమ్మకం.

1874లో లూయీ లెరువా అనే విమర్శకుడు మరో ఇంప్రెషనిస్టు మోనే వేసిన బొమ్మ కంటే సగం తయారైన వాల్‌పేపరే నయమని వెక్కిరించాడు. మోనే మాత్రం అలంకరణ అనే మాటకి సిగ్గుపడలేదు. ఓషెడే అనే ధనవంతుడి భవనం కోసం వేసిన టర్కీ కోళ్ల బొమ్మని 1877 ప్రదర్శనలో ‘పూర్తికాని అలంకరణ’ అనే పేరుతోనే పెట్టాడు. పచ్చగడ్డి మీద తెల్లటి కోళ్లు. అన్నిటికంటే ముందున్న కోడిని బొమ్మ కింది అంచు కోసేస్తుంది. ఆ గుంపులోని డెగా, పిస్సారో విసనకర్రల మీదా బొమ్మలు వేశారు.

అసలు జవాబు పారిస్‌లోని ఒరాంజెరీ మ్యూజియంలో ఉంది. కలువల బొమ్మల్ని మోనే ‘గ్రాండ్ డెకొరాసియోన్’ అనే పిలుచుకున్నాడు, అంటే మహా అలంకరణలు. ఆయన పోయాక, 1927లో అవి జనం ముందుకొచ్చాయి. అండాకారపు గదులు రెండు, బొమ్మలు ఎనిమిది, ఎత్తు దాదాపు 2 మీటర్లు. వాటిని గోడకి తగిలించలేదు, వంపు గోడలకే అతికించారు. ఒక్కచోట నిలబడితే మొత్తం కంటికి ఆనదు, గోడ వెంట నడవాల్సిందే. పగటి వెలుగు పైకప్పులోంచి దిగుతుంది. నేను వెళ్లిన రోజు మబ్బు పట్టింది. గది మసకబారగానే నీళ్లలోని నీలం నలుపు తిరిగింది. కాసేపటికి ఎండొచ్చింది, కలువాకుల పచ్చదనం మళ్లీ పైకి తేలింది.